యావ పంపకం

భద్రం బావ మూడోసారి కూడా మానేశాడన్న సంగతి ఇందుమతికి ఆఫీసులో అందరి ముందూ తెలిసింది.

ఆవిడ ఉద్యోగమే అది. 'చేదోడు' అనే ఆన్‌లైన్ ఆరోగ్య కార్యక్రమంలో చేరినవాళ్ళు మధ్యలో మానెయ్యకుండా చూడటం. చేరడానికేం, జనం సరదాగానే చేరతారు. డాక్టరు కసిరిన సాయంత్రమో, ఎదురింటాయన గుండె పట్టుకుని కూలిపోయిన మర్నాడో ఫోను తీసి పేరిచ్చేస్తారు. కొన్నాళ్ళు పొద్దున్నే లేచి నడుస్తారు. కంచంలో ఏం వడ్డించుకున్నారో ఫోటో తీసి పంపుతారు. వీడియోలో కనిపించే పోషకాహారం అమ్మాయి ఏం చెప్పినా బుద్ధిగా తలూపుతారు. ఈలోగా బంధువులింట్లో పెళ్ళొస్తుంది. ఆ విస్తరి ముందు కూర్చున్న మనిషి మళ్ళీ చేదోడు మొహం చూడడు.

బావ కూడా అలా నలుగురిలా మానేసి ఉంటే బాగుండేది. ఆయన దగ్గర్నుంచి రోజూ రాగిజావ ఫోటో వచ్చేది, చేతికి కట్టుకునే నడక పట్టీ లెక్కలు ఠంచనుగా వచ్చేవి. ఇంత నిష్ఠగా ఉన్న మనిషికి షుగరు ఎందుకు దిగటం లేదా అని ఆఫీసులో అందరూ బుర్ర బద్దలు కొట్టుకున్నారు. ఆఖరికి ఎవరికో అనుమానమొచ్చి పట్టీ లెక్కలు తరిచి చూస్తే, ఆ చెయ్యి నడిచే మనిషి చెయ్యిలా ముందుకీ వెనక్కీ ఊగటం లేదు, గుండ్రంగా తిరుగుతోంది. ఆ పట్టీ బావ మిఠాయి కొట్లో మూకుడు ముందు నిలబడి పాకం తిప్పే పనివాడు అప్పన్న చేతికి ఉంది. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఇందుమతి కూడా నవ్వింది. నవ్వి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది.

ఏడవదూ మరి! అమ్మ పోయేనాటికి ఇందుమతి పలకా బలపం పట్టుకుని తిరిగే పిల్ల. అక్క మంగతాయారు తన పెళ్ళికి పెట్టిన షరతు ఒక్కటే, చెల్లెల్ని కూడా వెంట తెచ్చుకుంటానని. భద్రం బావ ఆ షరతుకి ఒప్పుకోవటమే కాదు, మరదల్ని భుజానెక్కించుకుని బళ్ళో దింపాడు, పెద్ద చదువులు చదివించాడు. ఆ దంపతులకి పిల్లలు కలగలేదు. ఆ లోటు ఇందుమతి ముందు ఎప్పుడూ మాటల్లోకి కూడా రానివ్వలేదు. అలాంటి మనిషికి ఎడమకాలి బొటనవేలు తీసేశారు. పక్క వేలు నల్లబడుతోంది. ఈసారి కోతంటూ పడితే మోకాలి కిందే పడుతుందని డాక్టరు తేల్చి చెప్పాడు.

బావది కాకినాడలో గొట్టం కాజాల కొట్టు, వాళ్ళ నాన్న పెట్టింది. పాకం తీగ సాగిందో లేదో రెండు వేళ్ళ మధ్య చూసుకోవటం, చూసిన వేలు నోట్లో పెట్టుకోవటం ఆయనకి నిక్కరు వయసు నుంచీ అలవాటు. అలాంటి మనిషిని తీపి మానెయ్యమనటం తేలికే. అనేవాళ్ళకి.

ఆ ఆదివారం ఇందుమతి భోజనానికి వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏం మరదలా, మీ ఆఫీసోళ్ళంతా తెగ నవ్వేరంట?"

"నవ్వేరు. నీ కాలు తీసేసిన రోజు కూడా నవ్వుతారు. సరేనా?"

బావ మొహంలో నవ్వు ఆరిపోయింది. కుర్చీలో కూలబడి కట్టు కట్టిన కాలు ముందుకి చాపుకున్నాడు.

"నేను కావాలని తింటన్నానా ఇందూ? ఇయ్యాళ ముట్టుకోకూడదనుకునే కొట్లో కూచుంటాను. పాకం వాసన తగలగానే లోపలెవడో పట్టుకుని లాగేత్తాడు. ఆడితో నేనొక్కణ్ణీ ఎంతసేపని కలబడను చెప్పు?"

వంటింటి గుమ్మంలో నిలబడి తాయారక్క ఆ మాట విన్నది. కంచాలు తెచ్చి పెట్టింది.

బావ అన్న ఆ 'ఒక్కణ్ణీ' ఇందుమతిని వదల్లేదు. చేదోడు ఆఫీసు వెనకే ఒక చిన్న ప్రయోగశాల ఉంది. దాని పెద్ద డాక్టర్ కృపాకర్. పేగుల్లోంచి మెదడుకి వెళ్ళే నరం వెంబడి తిండి యావ ఎలా పాకుతుందో ఆయన ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. చెవి వెనక అంటించుకునే బిళ్ల ఒకటి తయారుచేశాడు. అది యావని దారిలోనే పట్టుకుంటుంది. పట్టుకోగలదు గాని చంపలేదు. ఎంత అణిచిపెట్టినా కాసేపటికి రెట్టింపై లేచేది.

"అణచలేకపోతే పంచలేమా సార్?" అని అడిగింది ఇందుమతి. "ఒకరి యావని ఇద్దరికి?"

కృపాకర్ వెంటనే కాగితం ముందుకి లాక్కున్నాడు. ఆ తరవాత కొన్ని నెలలు ఆయనకి ఇంటి ధ్యాస లేదు.

మొదటిసారి పరీక్షించింది వాళ్ళిద్దరి మీదే. కృపాకర్ పొద్దుట్నించీ పస్తున్నాడు. ఇందుమతి కడుపునిండా భోంచేసి వచ్చింది. ఇద్దరూ బిళ్లలు అంటించుకున్నాక కాంటీన్ నుంచి వేడివేడి పెసర పునుగులు తెప్పించి ఆయన ముందు పెట్టారు. ఆయన వాటి వంక ఆబగా చూస్తున్నాడో లేదో, గది ఆ మూల ఉన్న ఇందుమతికి పేగులు మెలిపెట్టినట్టయింది. నోట్లో నీళ్ళూరాయి. తెలీకుండానే లేచి వచ్చి పళ్ళెం మీద చెయ్యి వేసింది.

"నాకు పునుగులంటే అసలు పడవు సార్!" అంది తెల్లబోతూ.

"నాకు ప్రాణం," అన్నాడాయన. "చిత్రం చూశారా, ఇప్పుడు సగమే ప్రాణం. ఆగగలుగుతున్నాను." అంటూ పళ్ళెం పక్కకి తోసేశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. పంపకం పనిచేసింది.

ఇక మిగిలింది కట్టుదిట్టాలు. ఇద్దరిలో ఎవరికి ఇబ్బందనిపించినా బిళ్ల మీద వేలు పెట్టి ఒక్క మాట అంటే బిళ్ల తక్షణం ఆగిపోవాలి. ఏ మాట పెడదామని కృపాకర్ అడిగితే ఇందుమతి వెతుక్కోలేదు.

"'చాలు' అని పెడదాం సార్. పసిపిల్లలకి కూడా వచ్చిన మాట."

"బావుంది. సగం సగంతో మొదలెడదాం. ఎవరి ఓపిక ఎంతో చూసుకుంటూ వాటాలు అటూ ఇటూ జరిపే పని కంప్యూటర్ చేసుకుంటుంది. దానికి ఏమని చెప్పమంటారు?"

"ఎవరూ మానెయ్యకూడదని చెప్పండి," అంది ఇందుమతి. ఆవిడ ఉద్యోగం అదే కదా. ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది?

భద్రం బావకి జోడీ ఎవరన్న ప్రశ్నే రాలేదు. తాయారక్క అప్పటికే జుట్టు పక్కకి తీసి చెవి వెనక భాగం చూపిస్తోంది.

"పూర్తిగా విను అక్కా. ఆయనకి తినాలనిపించినప్పుడల్లా అందులో సగం నీకనిపిస్తుంది. నీకు ఆకలి లేకపోయినా సరే. తిన్నంత మాత్రాన పోదు, ఎందుకంటే అది నీ కడుపులోది కాదు. ఓర్చుకోవాలి."

"ఓస్, ఇంతేనా! ఇన్నాళ్ళూ ఎవరి కోసమూ ఓర్చుకోలేదా ఏంటే?"

"కష్టమైతే చాలు అను. వెంటనే ఆగిపోతుంది."

"అలాగేలే. ముందు అంటించు."

మొదట్లో ఆ ఇల్లు నవ్వులతో నిండిపోయింది. కొట్లో ఉన్న బావకి వీధి చివర మిరపకాయ బజ్జీల మీద మనసుపోతే, ఇంట్లో పప్పు రుబ్బుతున్న అక్కకి తెలిసిపోయేది. వెంటనే ఫోను చేసి, "ఏవండీ, బజ్జీల బండి వంక చూపులు ఆపి, బేరం చూసుకోండి" అనేది. బావ సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మనసులోది ఇంత తేటగా తెలియటం ఇదే మొదలని అక్క చెల్లెలితో చెప్పి మురిసిపోయింది. ఆ చెప్పటంలో కొత్త పెళ్ళికూతురి గర్వం కనిపించింది. ఇందుమతికి కడుపు నిండినట్టయింది.

బావ నిజంగానే మానేశాడు. పాకం ముందు నిలబడి వేళ్ళతో తీగ చూసి, ఆ వేళ్ళు తువ్వాలుకి తుడుచుకోవటం నేర్చుకున్నాడు. పట్టీ తన చేతికే కట్టుకుని పొద్దున్నే నడిచాడు. నల్లబడిన వేలు తిరిగి రంగుకొచ్చింది. డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం చేశారండీ మీరు?" అని అడిగాడట. "నేనేం చెయ్యలేదండి, మా ఆవిడ చేసింది" అన్నాడట బావ.

ఆ కథ నోటా నోటా పాకింది. చేదోడులో జోడీలు పెరిగిపోయాయి. మానేసేవాళ్ళ సంఖ్య పడిపోతూ పడిపోతూ ఇంచుమించు లేనట్టే అయింది. దేశంలో ఏ ఆరోగ్య కార్యక్రమానికీ ఇలా జరగలేదని కంపెనీ పెద్దలు సభ పెట్టారు. ఆ సభలో ఇందుమతి చేత మాట్లాడించారు.

"ఇన్ని వేల ఇళ్ళలో ఒక్క జోడీ కూడా ఇప్పటిదాకా చాలు అనలేదు," అంది ఇందుమతి. "అంటే బాధ లేదనేగా! బాధ ఉంటే అనరా?" అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో అక్కా బావా కూర్చున్నారు. అక్క అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది.

ఆ హడావుడిలో ఇందుమతి కొన్ని ఆదివారాలు ఇంటికి వెళ్ళటం పడలేదు. వెళ్ళిన రోజు అక్కే వడ్డించింది. పప్పుచారు పోస్తుంటే ఇందుమతి చాలు చాలు అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. అక్క ఆ చేతిని పక్కకి నెట్టి ఇంకో గరిటె పోసింది. ఎప్పుడూ జరిగేదే. ఆ ఇంట్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా వడ్డించే మనిషి 'చాలు'ని లెక్కచెయ్యదు. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు మర్యాదకి అనే మాట అది. వడ్డించేవాళ్ళు తమ కోసం అనుకునే మాట కాదు.

"నువ్వు కూర్చోవే అక్కా?"

"తింటాలే."

"ఎప్పుడు? నీ జాకెట్టు చూడు, ఎవరిదో తొడుక్కున్నట్టుంది."

అక్క నవ్వేసింది. "తింటే మాత్రం తీరుతుందా ఏంటే? కంచం నిండా తిని లేచినా లోపల నకనకలాడుతూనే ఉంటుంది. నీళ్ళు తాగినా అంతే. అందుకని దాని ఊసే పట్టించుకోటం మానేశాను. తినాలని గుర్తొచ్చినప్పుడు ఇంత కలుపుకుంటాను. గుర్తు రాకపోతే లేదు. దానికేముంది, మీ బావ కాలు చూశావా, ఎంత బాగా మానుపట్టిందో!"

ఇందుమతి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. సగం యావ మనిషిని ఇలా చెయ్యదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే అక్కాబావల వాటాలు తీయించి చూసింది. సగం సగం ఎప్పుడో పోయింది. బావ వాటా నామమాత్రం. ఆయనకి పుట్టే యావంతా దాదాపుగా అక్కకే పోతోంది. ఇంకో ఇల్లు చూసింది. ఆ పక్క ఇల్లు. తుని, మండపేట, పాలకొల్లు. ఎక్కడ చూసినా అదే వరస. ఒక చోట భార్య, ఒక చోట తల్లి, ఇంకో చోట వదినగారు. కంప్యూటర్ని అనటానికి ఏమీ లేదు. ఎవరూ మానెయ్యకూడదని దానికి చెప్పారు. ఎంత బరువు పెట్టినా మానెయ్యని మనుషులెవరో అది వెతికి పట్టుకుంది. పట్టుకుని, అంతా వాళ్ళ మీద పెట్టేసింది.

కృపాకర్ ఆ లెక్కలు చూసి నుదురు పట్టుకున్నాడు. చెడ్డమనిషి కాదాయన.

"ఇప్పటికిప్పుడు సగానికి తెస్తే ఏమవుతుందో తెలుసా? ఇన్నాళ్ళుగా యావే ఎరగని మనుషుల మీద ఒక్కసారిగా వచ్చి పడుతుంది. తట్టుకోలేరు. ఎన్ని పుళ్ళు మళ్ళీ రేగుతాయో, ఎన్ని కాళ్ళు పోతాయో. మీ బావగారిది కూడా. మెల్లగా తగ్గించే దారి చూస్తాను. కొంచెం టైమివ్వండి. అయినా భరించలేకపోతే వాళ్ళు చాలు అనొచ్చు కదండీ. ఆ మాట మీరే కదా పెట్టింది?"

ఇందుమతి ఆ మధ్యాహ్నమే అక్క దగ్గరికి పరిగెత్తింది. "అక్కా, నా మాట విను. ఒక్కసారి చాలు అనవే. చిన్న మాటే కదే."

"అంటే?"

"ఆగిపోతుంది. ఆయనది ఆయనకి పోతుంది."

"కాలు?"

ఇందుమతి అక్క చెయ్యి పట్టుకోబోయింది. అక్క వెనక్కి లాక్కుంది.

"అదీ సంగతి. చూడు ఇందూ, నేను బాగానే ఉన్నాను. పిచ్చిపిచ్చిగా వాగి మీ బావని బెదరగొట్టకు. అది ఆయనకి తెలిస్తే బిళ్ల పీకి పారేస్తాడు. నా మీద ఒట్టు."

ఒట్టు వేయించుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కషాయం పట్టించినట్టే ఆ ఒట్టు కూడా పట్టించింది. ఆఫీసులో కూర్చుని ఒక్క మీట నొక్కితే ఆ ఒక్క ఇంటి పంపకం తెగిపోతుందని ఇందుమతికి తెలుసు. కాని కళ్ళ ముందు బావ నడుస్తున్నాడు, కుంటకుండా నడుస్తున్నాడు. డాక్టరు ఇంకో నెల గడిస్తే పుండు గండం తప్పినట్టే అన్నాడు. ఆ నెల గడవనిద్దాం అనుకుంది. కృపాకర్ ఈలోగా దారి చూస్తాడులే అనుకుంది.

ఆ నెల గడవలేదు.

ఏం జరిగిందో బావ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆయన గోడ వంకే చూశాడు.

మధ్యాహ్నం కొట్లో బేరాలు జోరుగా ఉన్నాయి. సాయానికి వచ్చిన తాయారు కాజాలు తూకం వేస్తోంది. వేస్తూ వేస్తూ గుండెల మీద చెయ్యి పెట్టుకుని రాసుకుంది. ఎడమ చెయ్యి దులుపుకుంది. మొహమంతా చెమట పట్టింది.

"ఏవండీ, ఇయ్యాళ దేని మీద పోయిందండీ మీకు మనసు? లోపలంతా ఒకటే మంట పెట్టేస్తన్నారు" అందట నవ్వుతూ.

"నాకేం లేదే. దేని మీదా లేదు" అన్నాడట బావ. నిజమే చెప్పాడు.

"ఊరుకోండి, నా దగ్గర దాస్తారేంటి? నాకు తెలీదా మీ సంగతి?" అని, ఆవిడ ఆ మంటని ఎప్పట్లాగే పక్కకి నెట్టేసింది. ఇంకో బేరానికి పొట్లం కట్టింది. దారం ముడి వేస్తూ అలాగే ముందుకి వాలిపోయింది.

ఎప్పుడో తెల్లవారగట్లే మొదలై ఉంటుందని, అప్పుడే తీసుకొచ్చుంటే బతికేదని గుండె డాక్టరు అన్నాడు. నొప్పని చెప్పలేదా అని అడిగాడు. ఏం చెప్తుంది? అది తనదనుకుంటే కదా చెప్పటానికి!

"నేను నిజమే చెప్పేను ఇందూ," అన్నాడు బావ. "దానికి నమ్మకం కలగలేదు. నాకేం లేదే అని ఇంకోసారి గట్టిగా అనాల్సింది. బేరం వచ్చిందని ఊరుకున్నాను."

ఇందుమతి ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. అసలు సంగతి తనకి ముందే తెలుసని చెప్పటానికి నోరు రాలేదు. ఆ రోజు రాలేదు, కర్మలు జరుగుతున్నన్నాళ్ళూ రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు బావే పిలిపించాడు. కొట్టు తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. లోపల పళ్ళేల నిండా కాజాలు. పాకం మిలమిలలాడుతూ ఉంది. వాటి ఎదురుగా స్టూలు మీద బావ కూర్చుని ఉన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాడు. ఒక్కటీ ముట్టుకోలేదు.

"ఇందూ, అది పోయిన కాణ్ణించీ నాది నాకు తిరిగొచ్చేసింది. రెండింతలు వస్తుందనుకున్నాను, సగం నా దగ్గర ఉండేది కదా అని. రెండింతలు కాదే ఇది. ఇన్నాళ్ళూ నాకు తెలిసింది దీనికి పిసరంత కూడా కాదు. సగం సగమేనన్నావు కదా అప్పుడు?"

ఇందుమతి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. ఒట్టుకి ఇక ఎవరున్నారు? అంతా చెప్పేసింది. వాటాలు ఎలా జరిగిపోయాయో, తను ఎప్పుడు చూసిందో, అక్క ఎలా నోరు మూయించిందో, తను ఆ నెల గడవనిద్దాం అని ఎలా ఊరుకుందో.

తిడతాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది. బావ చూపు ఒక్కో పళ్ళెం మీదుగా త్రాసు దాకా వెళ్ళింది.

"దీన్నంతా పెట్టుకుని అది ఈ కొట్లోనే తిరిగిందా?" అన్నాడు చివరికి. "ఈ పళ్ళేల మధ్యే? నవ్వుతూ తూకాలేసిందా?"

"బావా..."

"నా కాలు పోతే పోయేది కదే! కాలు లేనోళ్ళు బతకట్లేదా? కర్రేసుకుని ఈ గల్లా దగ్గర కూచునేవోణ్ణి. అది నన్ను తిట్టుకుంటా అన్నం పెట్టేది. నన్ను అడగలేదే మీరెవరూ. ఆ కాలు నిలబడ్డానికి అదెంత మోత్తాందో నాకెవరూ చెప్పలేదే." పెద్దగా, పసివాడిలా ఏడ్చాడు. ఇందుమతి ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

తేరుకున్నాక తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు. "ఇంకా ఎందరిళ్ళల్లో ఉంది ఇది?"

"చాలా ఇళ్ళు బావా."

"పద."

కృపాకర్ ఆ రోజు కూడా అదే మాట అన్నాడు, కాని ఈసారి తలెత్తి అనలేకపోయాడు. "తెంచేస్తే కొందరి ప్రాణాల మీదకొస్తుందండీ, భద్రంగారూ. మగవాళ్ళని డాక్టర్లకి అప్పజెప్పి, మెల్లగా..."

"అప్పజెప్పండి. మందులివ్వండి. రోజూ ఫోన్లు చేసి బతిమాలండి, తిట్టండి. మానేసినోళ్ళని మళ్ళీ మళ్ళీ చేర్చుకోండి," అన్నాడు బావ. "నాలాంటోడు అప్పన్న చేతికి పట్టీ కట్టి మోసం చేత్తే మళ్ళీ పట్టుకోండి. మా కష్టం మేం పడతాం బాబూ. మేం ఓడిపోతే మేమే పోతాం. ఆడోళ్ళకి ముందో మాట చెప్పి చూడండి, ఒక్కళ్ళు ఆపమన్నా నేను మాటాడకుండా ఎల్లిపోతాను. ఆపమనరు. మీరు అడుగుతూ కూచుంటే ఇంకోత్తి పొట్లం కడతా కడతా పడిపోద్ది."

ముందు మాట చెప్పి చూశారు. వాటాలన్నీ దాపరికం లేకుండా రాసి, చాలు అనమని ప్రతి ఇంటికీ కబురు పంపారు. రెండు రోజులు చూశారు. ఏ ఇంటి నుంచీ ఆ మాట రాలేదు.

మూడో రోజు పొద్దున కృపాకర్, ఇందుమతి కలిసి పంపకాన్ని ఆపేశారు. కృపాకర్ చెయ్యి వెనకాడింది. ఇందుమతే నొక్కింది. పక్క కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. ఆయన పొద్దుట్నించీ ఏమీ తినలేదు, ఏమీ అడగలేదు. మొహం మాత్రం మత్తుమందు లేకుండా కోత పెట్టించుకుంటున్న మనిషి మొహంలా ఉంది.

మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి. మగవాళ్ళ నుంచి ఒకటీ అరా. తక్కినవన్నీ ఆడవాళ్ళ నుంచే. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. ఇందుమతి ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్తూ వచ్చింది. మీ ఇంటికి డాక్టరు ఫోను చేస్తారమ్మా, రేపటి నుంచి మావాళ్ళు రోజూ మీ ఆయనతో మాట్లాడతారమ్మా, మళ్ళీ కలపటం మాత్రం కుదరదమ్మా.

తుని నుంచి వరహాలమ్మ అనే ఆవిడ చేసింది. బావకి కూడా వినిపించేలా ఇందుమతి ఫోను బల్ల మీద పెట్టింది.

"మేడం గారూ, పొద్దుట్నించీ మా ఆయన వంటింట్లోనే తిరుగుతున్నాడండి. డబ్బాలన్నీ తీసేత్తన్నాడు. మళ్ళీ కలిపెయ్యండి తల్లీ, మీకు పుణ్యముంటది. నాకేం కష్టంగా లేదండి. నేనెప్పుడన్నా చాలన్నానాండీ?"

"అనలేదమ్మా."

"మరింకేం? కలిపెయ్యండి." అవతల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. "ఆఁ, వచ్చేసిందండి, వచ్చేసింది! కలిపేసేరు కదా, తెలుత్తోందండి. చల్లగా ఉండండి తల్లీ."

ఇందుమతి తెర వంక చూసింది. తునిలో గాని, ఇంకెక్కడ గాని ఒక్క బిళ్ల కూడా పనిచేయటం లేదు. "లేదమ్మా, కలపలేదు."

"అదేంటండీ, కడుపులో తెలుత్తుంటేనూ?"

"ఆ బిళ్ల తీసి పక్కన పెట్టి చూడండమ్మా."

"తీసేనండి." ఈసారి ఆవిడ గొంతు మెల్లగా, కొంచెం బెదురుగా వచ్చింది. "తీసినా వేత్తోందండి ఆకలి. మరి... ఇది ఎవరిదండీ?"

ఇందుమతి చెప్పబోయింది. భద్రం బావ ముందుకి వంగి ఫోను దగ్గరకి లాక్కున్నాడు.

"అది నీదేనమ్మా," అన్నాడు. "కూచో. ముందు నువ్వు తిను."